చింతగింజలతో ఫోను లెక్క: మా తొమ్మిదో తరగతి ప్రాజెక్టు డైరీ

నవంబరు 3, సోమవారం

అక్టోబరు 28 అర్ధరాత్రి మొంథా తుఫాను మాకు బాగా దగ్గర్లో, నరసాపురం పక్కన తీరం దాటింది. మా ఊళ్లో కొబ్బరిచెట్లు వైర్ల మీద పడి రెండు రాత్రులు కరెంటు లేదు. ఫోన్ల చార్జింగు అయిపోయింది, సిగ్నలూ పోయింది. ఇవాళ తొమ్మిదో తరగతిలో ఎవరింట్లో ఏం పోయిందో అడుగుతుంటే వెనక బెంచీ కుర్రాడు లేచి, "చీకట్లో ఏం చెయ్యాలో తెలీక ఎనిమిదింటికే పడుకున్నామండీ. పొద్దున్న ఎవరూ లేపకుండానే లేచానండీ మాస్టారూ" అన్నాడు. అందరూ నవ్వారు. వీడు రోజూ మొదటి పీరియడులోనే బల్ల మీద తల వాల్చేసేవాడు. తుఫాను తర్వాత రెండు రోజులు మాత్రం వాల్చలేదు.

సైన్సు ఫెయిరంటే మా బడి నుంచి ఏటా వెళ్లేది నిమ్మకాయ బ్యాటరీయో, వంటసోడా అగ్నిపర్వతమో. ఈసారి వీడి మాటే ప్రాజెక్టు చేద్దామనుకున్నాను. ఫోను వల్ల నిద్రకి, కళ్లకి, మెడకి, మనసుకి ఏమవుతోందో మన దగ్గరున్న సామాన్లతోనే కొలవాలి. "ఫోను విషం" అని ముందే తీర్పు రాసేసి దానికి బొమ్మలు అతికించే చార్టులు ఇప్పటికే చాలా చూశాను.

పిల్లలు 23 మంది. తల్లిదండ్రులకి ఉత్తరాలు రాసి పంపాను. ఒకాయన సంతకం పెట్టి కింద "ముందు వీడి చేతిలోంచి ఫోను లాక్కునే మార్గం చెప్పండి" అని కూడా రాశారు.

నవంబరు 5, బుధవారం

మొదటి రోజే బోల్తా. "రోజూ ఫోను ఎంతసేపు చూస్తారు?" అని తరగతిలో అడిగాను. 23 మందిలో 19 మంది "ఒక గంటండీ" అన్నారు. ఇద్దరు "అసలు చూడమండీ" అన్నారు. వాళ్లలో ఒకమ్మాయి పక్కపిల్ల మోచేత్తో పొడిచేసరికి నాలిక కరుచుకుంది. తప్పు నాదే. నలుగురిలో మాస్టారు అడిగితే ఎవరైనా ఒప్పు జవాబే చెబుతారు.

సరే, ఫోను సెట్టింగ్సులో రోజుకి ఎంతసేపు వాడారో చూపించే డిజిటల్ వెల్‌బీయింగ్ అంకె రాసుకు రమ్మన్నాను. అదీ కుదరలేదు. మా పిల్లల్లో సొంత ఫోను ఉన్నది ఇద్దరికే. మిగతా వాళ్లది నాన్న ఫోనో, మామయ్య ఫోనో. ఒకడు తొమ్మిది గంటలని రాసుకొచ్చాడు. ఆరా తీస్తే అందులో ఆరు గంటలు వాళ్ల తాతయ్య యూట్యూబులో వినే ప్రవచనాలు.

పల్లె పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వే 2024లో జరిగినప్పుడు పల్లెల్లో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం తెలుసని తేలింది. అంతకు ముందు వారంలో చదువుకి సంబంధించిన పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్లు 76 శాతం. ఫోను ఇంటికి ఒకటే అయితే దాని మీద ఎవరెంతసేపు ఉన్నారో ఫోను చెప్పదు. మనుషులే చెప్పుకోవాలి, అదీ సిగ్గుపడకుండా.

నవంబరు 10, సోమవారం

ఉపాయం ఒక పిల్ల దగ్గర్నుంచే వచ్చింది. వాళ్ల అమ్మమ్మ పాల లెక్క గోడ మీద గీతలు గీసి పెడుతుందట. గీతలైతే ఇంట్లో అందరికీ కనిపిస్తాయి కాబట్టి గింజలకి మారాం. ప్రతి ఒక్కరికీ ఒక కొబ్బరిచిప్ప, ఒక పొట్లం చింతగింజలు, ఒక పొట్లం కుంకుడు గింజలు. ఫోను మీద అరగంట గడిచినప్పుడల్లా చిప్పలో ఒక చింతగింజ వెయ్యాలి. పడక మీదకి చేరాక చూసే అరగంటకి మాత్రం కుంకుడు గింజ. పొద్దున్నే లెక్కపెట్టి, పడుకున్న టైమూ లేచిన టైమూ కలిపి చీటీ మీద రాయాలి. చీటీ మీద పేరుండదు, నంబరే. ఏ నంబరు ఎవరిదో నాకు తెలియదు. లాటరీ తీసి వాళ్లే పంచుకున్నారు.

చీటీ చివర అయిదు మొహాలు గీశాం, ఏడుపు నుంచి నవ్వు దాకా. ఆ రోజు మనసెలా ఉందో ఒకదానికి టిక్కు పెట్టాలి. పద్నాలుగు రోజులు.

నవంబరు 12, బుధవారం

ఇవాళ కళ్లు. ఇద్దరిద్దరు జట్టు. ఒకరు నిమిషం పాటు కబుర్లు చెప్పాలి, ఎదురుగా ఉన్నవాళ్లు రెప్పలు ఎన్నిసార్లు ఆడాయో లెక్కపెట్టాలి. తర్వాత అదే మనిషి నిమిషం పాటు ఫోనులో ఆట ఆడాలి.

మొదటి విడత చెత్తబుట్టలోకి. రెప్పలు లెక్కపెడుతున్నారని తెలిస్తే కొందరు గబగబా ఆర్పుతున్నారు, కొందరు బిగబట్టుకుని కూర్చుంటున్నారు. మధ్యాహ్నం పిలిచి "ఇప్పుడు పెదాల కదలిక లెక్కపెడతారు" అని అబద్ధం చెప్పి మళ్లీ చేయించాను. సైన్సు కోసం ఆడిన అబద్ధం కాబట్టి సాయంత్రం ఒప్పేసుకున్నాను.

కబుర్లప్పుడు నిమిషానికి 15 నుంచి 22 సార్లు వచ్చాయి. ఆటప్పుడు ఎక్కువమందికి ఆరు, ఏడు. ఒకడికి మూడే. రెప్ప పడ్డప్పుడల్లా కన్నీటి పొర కంటి మీద అలికినట్టు పరుచుకుంటుంది. రెప్ప పడకపోతే ఆ పొర ఆరిపోయి కళ్లు మండుతాయి, ఇసుక పడ్డట్టుంటుంది. "అందుకేనాండీ రాత్రి కళ్లు నలుపుకునేది!" అని ముందు బెంచీ నుంచి వినపడింది. కళ్ల డాక్టర్లు చెప్పే 20–20–20 పద్ధతి బోర్డు మీద రాశాను: ప్రతి 20 నిమిషాలకీ 20 అడుగుల దూరంలో ఉన్నదేదైనా 20 సెకన్లు చూడాలి. తరగతి గది తలుపు నుంచి 20 అడుగులు టేపుతో కొలిస్తే సరిగ్గా చేతిపంపు. ఇప్పుడు పాఠం మధ్యలో ఎవడో ఒకడు "చేతిపంపు!" అని అరుస్తున్నాడు, అందరూ తలలు తిప్పుతున్నారు. ఇది నేను కోరుకున్నది కాదు.

నవంబరు 15, శనివారం

మెడకోణం కొలిచే పరికరం మాకు ఖర్చు లేకుండా తయారైంది. జామెట్రీ బాక్సులో కోణమానిని, మధ్యలోంచి నూలుదారం, దారం చివర సైకిలు నట్టు. ఫోను చూస్తున్న మనిషి చెవి పక్కన పట్టుకుంటే నిలువు నుంచి తల ఎంత వాలిందో దారం చూపిస్తుంది. గాలికి దారం ఊగుతుంటే కిటికీలు మూశాం. 23 మందిలో 16 మంది 45 డిగ్రీలు దాటారు.

2014లో హన్స్‌రాజ్ అనే న్యూయార్కు వెన్నెముక సర్జను వేసిన లెక్క ఒకటుంది. తల నిటారుగా ఉంటే మెడ మీద దాని బరువు దాదాపు అయిదు కిలోలే. 15 డిగ్రీలు వాలితే 12 కిలోలంత, 60 డిగ్రీలు వాలితే 27 కిలోలంత భారం పడుతుంది. మధ్యాహ్న భోజనం గదిలోంచి 25 కిలోల బియ్యం బస్తా తెప్పించి బల్ల మీద పెట్టించాను. పిల్లలు దాన్ని చూసి నోరెళ్లబెట్టారు. అయితే అది కంప్యూటర్లో వేసిన లెక్కేననీ, మనుషుల మెడలకి కాటా కట్టి తూచింది కాదనీ కూడా చెప్పాను. చేపలగాలం దూరంగా చాచి పట్టుకుంటే చెయ్యి ఎక్కువ లాగినట్టే ఇదీను.

అప్పుడు ఒకమ్మాయి అడిగింది: "మరి ఊడ్పులప్పుడు మా అమ్మ పొద్దున్నించీ సాయంత్రం దాకా వంగే ఉంటుంది కదండీ. ఆవిడ మెడ మీద ఎన్ని బస్తాలుంటాయండీ?"

చార్టులో రాయదగ్గ జవాబు నా దగ్గర లేదు. వరి నాట్లేసే మనిషి కదులుతూ ఉంటుంది, ఫోను చూసే మనిషి కదలకుండా ఉంటాడు అని ఏదో చెప్పాను. ఆ తల్లికి నడుమునొప్పి ఉన్న సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. ఆ ప్రశ్నని ప్రాజెక్టు రికార్డులో ఉన్నదున్నట్టు రాయించాను.

నవంబరు 19, బుధవారం

నిద్ర చాలనివాళ్ల చురుకు ఎలా ఉంటుందో చూడటానికి స్కేలు పరీక్ష. ఒకరు 30 సెంటీమీటర్ల స్కేలు నిలువుగా పట్టుకుని చెప్పకుండా వదలాలి, రెండోవాళ్లు వేళ్లతో పట్టుకోవాలి. 15 సెంటీమీటర్ల దగ్గర దొరికితే 0.17 సెకను, 25 దగ్గర దొరికితే 0.23. భౌతికశాస్త్రం మేడంగారు గురుత్వాకర్షణ పాఠం దీంతోనే చెప్పేశారు.

మొదటి రోజు తక్కువ నిద్రపోయినవాళ్లు 22, 24 దగ్గర పట్టుకున్నారు. ఆహా అనుకున్నాం. నాలుగో రోజుకి వాళ్లే 14 దగ్గర పట్టుకుంటున్నారు. నిద్ర పెరగలేదు, సాధన పెరిగింది. ఇంటర్వెల్లో, బస్టాపులో, అన్నం వరసలో కూడా ఇదే ఆటట. పరీక్ష పనికిరాకుండా పోయింది. తీసేద్దామా అని అడిగితే పిల్లలు ఒప్పుకోలేదు. "ఎందుకు పనికిరాదో రాద్దామండీ" అన్నారు. నేనైతే తీసేసేవాడిని.

నవంబరు 24, సోమవారం

ఇవాళ గింజల పండగ. ప్రార్థన అయ్యాక చీటీలన్నీ వరండాలో పరిచాం. 21 నంబర్లే లెక్కకి వచ్చాయి. ఒకరి చిప్పలో చింతగింజలు తమ్ముడు వేయించుకుని తినేశాడు. ఇంకొకరు అన్ని రోజుల చీటీలూ ఒకే కలంతో ఒకే రాత్రి రాసేశారు. అది చూస్తే తెలిసిపోతుంది.

21 మందిలో 13 మందికి నిద్ర ఏడు గంటల లోపే. 13–18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం చెబుతోంది. ఈ వయసులో ఒంట్లో గడియారమే ఆలస్యంగా నడుస్తుంది. నిద్రకి సిద్ధం చేసే మెలటోనిన్ చిన్నప్పటికన్నా పొద్దుపోయాక మొదలవుతుంది. అంటే పదిన్నరకి కూడా నిద్ర రాకపోవటం వాళ్ల పొగరు కాదు. దానికి తోడు ఫోను వెలుగు ఒకటి. "నైట్ మోడ్ పెట్టుకుంటున్నాం కదండీ" అన్నారు కొందరు. తెర పచ్చబడినంత మాత్రాన ఆటలో ఓడిపోతున్నవాడి గుండెదడ తగ్గదు కదా.

అసలు సంగతి చెప్పాలి. చింతగింజలూ నిద్రా పక్కపక్కన పెట్టి చూస్తే పెద్దగా పొంతన కుదరలేదు. పగలు మూడు గంటలు ఫోను చూసిన 9వ నంబరు పదింటికల్లా పడుకుని ఎనిమిది గంటలు నిద్రపోతున్నాడు, మొహాలన్నీ నవ్వులే. కుంకుడు గింజలు పెట్టి చూస్తే మాత్రం వరస కుదిరింది. కుంకుళ్లు పెరిగినకొద్దీ నిద్ర తగ్గింది, నిద్ర తగ్గిన మర్నాటి మొహం కూడా చిన్నబోయింది. "రోజుకి ఎన్ని గంటలు?" అని మొదటి రోజు నేనడిగిన ప్రశ్నే తప్పన్నమాట.

పెద్దవాళ్ల లెక్కల్లోనూ ఇలాంటి తికమకే ఉంది. రోజుకి మూడు గంటలకు మించి సోషల్ మీడియాలో గడిపే పిల్లల్లో డిప్రెషన్, ఆందోళన లక్షణాల ముప్పు రెట్టింపని 2023లో అప్పటి అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టరు) వివేక్ మూర్తి హెచ్చరిక విడుదల చేశారు. 2019లో ఎమీ ఓర్బెన్, ఆండ్రూ ష్‌బిల్‌స్కీ అనే పరిశోధకులు మూడున్నర లక్షలకు పైగా పిల్లల వివరాలు తిరగేసి, పిల్లల మానసిక స్థితిలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకానికి ముడిపెట్టగలిగేది 0.4 శాతానికి మించదన్నారు. బంగాళాదుంపలు తినటానికీ దాదాపు అంతే సంబంధం కనిపించిందట! ఇది చెప్పగానే వెనక బెంచీలో సంబరం. లక్షల మందిని కలిపి సగటు తీస్తే 9వ నంబరూ, రాత్రి రెండింటి దాకా మేలుకున్నవాడూ ఒకే అంకెలో కలిసిపోతారని బోర్డు మీద బొమ్మ గీసి చూపించాను. సంబరం కొంచెం తగ్గింది.

ఒక్క చీటీ మాత్రం ఏ లెక్కకీ లొంగలేదు. 17వ నంబరు. అందరికన్నా ఎక్కువ కుంకుళ్లు, కొన్ని రాత్రులు నాలుగేసి. నిద్ర అయిదున్నర గంటలు. మొహాలు చూస్తే కుంకుళ్లున్న రోజునే పెద్ద నవ్వు, లేని రోజు ఏడుపు.

నవంబరు 26, బుధవారం

పొద్దున్న చీటీలు వేసే పెట్టెలో ప్రాజెక్టుకి సంబంధం లేని చీటీ ఒకటి పడింది. అందులో ఏముందో ఇక్కడ రాయను. పేర్లు వద్దన్నది నేనే కాబట్టి ఎవరు రాశారో కూడా తెలియదు. తరగతిలో దాని ఊసెత్తకుండా, ఎవరికైనా మాట్లాడాలనిపిస్తే తెలుగు మేడంగారి దగ్గరకైనా నా దగ్గరకైనా రావచ్చన్నాను. బోర్డు మీద మూడు నంబర్లు రాయించాను: మనసు బాగోకపోతే టెలి మానస్ 14416, పిల్లలకి ఏ ఆపదొచ్చినా 1098, ఆన్‌లైన్లో డబ్బు పోయినా, ఫొటోలతో బెదిరించినా 1930. సాయంత్రం ఒకరు మేడంగారి దగ్గర చాలాసేపు కూర్చున్నారు. ఆ పని ప్రాజెక్టుతో కలవదు, ఫెయిర్లోకి రాదు.

అదే రోజు సాయంత్రం సైకిలు తీస్తుంటే 17వ నంబరు తనే వచ్చింది. "అది నాదేనండీ" అంది. వాళ్లమ్మ కువైట్లో ఇంటిపనికి వెళ్లి మూడేళ్లయింది. ఇక్కడ అమ్మమ్మ దగ్గర ఉంటోంది. కువైటు మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ గిన్నెలు కడిగి ఆవిడ గదికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పది. అంటే ఇక్కడ పన్నెండు దాటిపోతుంది. అప్పుడు వీడియో కాల్. "నాది తప్పు లెక్కలోకి వస్తుందా అండీ?"

మా గోదావరి జిల్లాల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మా బడిలోనే ఇంకా నలుగురున్నారు. చీటీ గీసేటప్పుడు ఇది నాకు ఎందుకు తట్టలేదో!

నవంబరు 28, శుక్రవారం

చిన్న పరీక్ష. నలుగురు పది నిమిషాల పాటు రీల్స్ చూశారు, పక్కవాళ్లు ఎన్ని మారాయో గీతలు పెట్టారు. 34, 41, 29, 52. ఆపిన వెంటనే గుర్తున్నవి రాయమంటే 5, 4, 6, 3. 52 చూసినవాడికి గుర్తున్న మూడింటిలో ఒకటి బిర్యానీ.

అడుగు లేకుండా జారిపోయే ఈ తెరని 2006లో తయారు చేసిన అజా రాస్కిన్ తర్వాత దాని గురించి బాహాటంగానే బాధపడ్డాడని చెప్పాను. పేజీకి చివరుంటే మనిషి ఒక్క క్షణం ఆగి "ఇంకా చూడాలా?" అనుకుంటాడు, ఇక్కడ ఆ క్షణమే లేదు. "అమ్మ అట్లు వేస్తూనే ఉంటే ఎన్ని తిన్నామో తెలీనట్టండీ" అన్నాడొకడు. నా వివరణ కన్నా అదే బాగుంది.

డిసెంబరు 1, సోమవారం

ఫోను గూడు మొదలు. చెప్పుల అట్టపెట్టెలు కోసి, అరలు చేసి, రంగు కాగితాలు అతికించారు. రాత్రి పదింటికి ఫోను గూట్లో, గూడు వంటింట్లో. చీటీలు తీసి 12 మందిని ఎంచాం. మిగతా 11 మంది మామూలుగానే ఉండాలి.

అడ్డంకులు ఇవాళే మొదలయ్యాయి. ఒకరి నాన్నకి రొయ్యల చెరువుంది. అర్ధరాత్రి కరెంటు పోతే కాపలా మనిషి ఫోను చెయ్యాలి. నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగితే గంటల్లో చెరువు మొత్తం పోతుంది. ఆ ఫోను వంటింట్లో పడుకోదు. ఆ పిల్లాడిని రెండో జట్టులోకి మార్చి అక్కణ్ణుంచి ఒకరిని తెచ్చాం. ఇంకో ముగ్గురికి ఫోనే అలారం. నేను రాజోలు వెళ్లి మూడు బల్లగడియారాలు కొనుక్కొచ్చాను. వాటి టిక్కుటిక్కుకి నిద్ర పట్టట్లేదని అప్పుడే ఒక ఫిర్యాదు.

డిసెంబరు 10, బుధవారం

ఇవాళ్టి నుంచి ఆస్ట్రేలియాలో 16 ఏళ్ల లోపు వాళ్లకి ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, యూట్యూబ్ లాంటి వాటిలో ఖాతాలు ఉండకూడదు. చట్టం 2024 నవంబరులోనే చేశారు, అమలు ఇవాళ. పిల్లల మీద జరిమానా లేదు, కంపెనీల మీదే. తరగతిలో వాదన పెట్టాను. మన దగ్గరా రావాలన్నవాళ్లు 8 మంది, ఎక్కువమంది ఆడపిల్లలు. ముక్కూమొహం తెలియనివాళ్ల మెసేజీలతో విసిగిపోయాం అన్నారు. వద్దన్నవాళ్లు, "నాన్న పేరుతో ఖాతా ఉంటే ఎలా పట్టుకుంటారండీ?" అని అడిగారు. మొదటి వారం మమ్మల్ని బోల్తా కొట్టించిందీ ఈ ఉమ్మడి ఫోనే.

గూడు లెక్క వచ్చింది. 12 మందిలో ఏడుగురు అరగంటో ఇంకా ఎక్కువో ముందుగా నిద్రపోయారు. ఇద్దరికి తేడా లేదు. ఒకడు మూడో రాత్రే బాబాయి ఫోను సంపాదించాడు, తనే రాశాడు. మిగిలిన ఇద్దరు రెండ్రోజులు చేసి మానేశారు. రెండో జట్టులో కూడా నలుగురికి నిద్ర పెరిగింది. ఎందుకంటే వాళ్లు కబుర్లాడుకునే స్నేహితులు గూటి జట్టులో ఉన్నారు. అవతల జవాబిచ్చేవాడు లేకపోతే ఇవతలవాడు ఎంతసేపు మేలుకుంటాడు! ఫలితం కలుషితమైందని భౌతికశాస్త్రం మేడంగారు అన్నారు. నిజమే. కానీ ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చిన సంగతి అదే. ఒక్కొక్కరి చేత మాన్పించటం కన్నా ఒక స్నేహబృందం మొత్తం ఒకే టైముకి ఫోను పెట్టేస్తే తేలిక. వచ్చే ఏడాది చీటీలు తియ్యను, స్నేహితులని కలిపే జట్లు వేస్తాను.

నిద్ర పెరిగిన ఏడుగురి మొహాలు బాగుపడ్డాయా అంటే, అయిదుగురికి కొంచెం. పది రోజుల టిక్కులతో ఇంతకన్నా చెప్పకూడదు.

డిసెంబరు 12, శుక్రవారం

17వ నంబరు గూటి జట్టులో లేదు. నేనే తప్పించాను. అయినా వాళ్లమ్మతో తనే మాట్లాడిందట. మామూలు రోజుల్లో ఆవిడ వాయిస్ మెసేజ్ పెడుతుంది, ఈ పిల్ల పొద్దున్న జడ వేసుకుంటూ వింటుంది. ఆవిడకి సెలవు శుక్రవారం, ఆ రోజు సాయంత్రమే వీడియో కాల్. ఈ వారం ఎలా ఉందంటే "నిద్ర బాగుందండీ, అమ్మే సరిగ్గా కనపడట్లేదు" అంది. వచ్చే వారం మళ్లీ పాత పద్ధతికి వెళ్తుందేమో, వెళ్లినా నేనేమీ అనను.

పెద్ద చార్టు ఇవాళ మొదలుపెట్టాం. గింజల్నే నిలువుగా అతికించి గ్రాఫు. పగటివి చింతగింజలు, పడక మీదవి కుంకుళ్లు. 17 దగ్గరకి వచ్చేసరికి ఆ పిల్ల కుంకుళ్లు పక్కన పెట్టి, సంచిలోంచి అంతర్వేదిలో ఏరుకున్న చిన్న గవ్వలు తీసింది. "అమ్మ కాల్‌కి ఇవి పెడతానండీ." మిగతా నలుగురూ వేరే తరగతుల వాళ్లయినా వచ్చి తమకీ వరసలు కావాలన్నారు.

గవ్వలు బరువుకి జారిపోతున్నాయి. ఫెవికాల్ ఆరటం లేదు, చలిగాలికి చార్టు చివర్లు పైకి లేస్తున్నాయి. సోమవారం కొంచెం దళసరి అట్ట తెచ్చి ఆ వరస మళ్లీ అతికించాలి. కోణమానినికి కట్టిన సైకిలు నట్టు కూడా ఎవడో పట్టుకుపోయాడు.